కైండ్ ఆఫ్ బ్లూ మొదటి వైపు: పాత శ్రుతిలో వినాలా, దిద్దిన శ్రుతిలో వినాలా?

పాలకొల్లు కాలవ:
ఈ వారం రికార్డు ప్లేయర్ ఎక్కిన జాజ్ ఎల్పీలు రెండే. మైల్స్ డేవిస్ కైండ్ ఆఫ్ బ్లూ, డేవ్ బ్రూబెక్ టైమ్ అవుట్. రెండూ 1959లో న్యూయార్కు 30వ వీధి కొలంబియా స్టూడియోలో రికార్డయినవే. తగువు మొదటిదాని గురించి.

సంగతి తెలియనివాళ్ళకి నాలుగు ముక్కలు. మొదటి వైపు మూడు ట్రాకులూ (సో వాట్, ఫ్రెడ్డీ ఫ్రీలోడర్, బ్లూ ఇన్ గ్రీన్) మార్చి 2న వాయించారు. ఆ రోజు టేపు మిషను కాస్త నెమ్మదిగా తిరిగింది. ఆ టేపునే తర్వాత సరైన వేగంతో వేసి రికార్డు గాడి కోశారు. దాంతో శ్రుతి పైకెళ్ళింది, నడకా కొంచెం తొందరపడింది. ఏప్రిల్ 22న వాయించిన రెండో వైపుకి ఈ జబ్బు లేదు. మార్చి 2 సెషన్లోనే పక్కన ఇంకో మిషను సరైన వేగంతోనే తిరిగింది. 1992 రీఇష్యూకి ఆ రెండో టేపు తీసి శ్రుతి దిద్దారు.

నా ఓటు పాత శ్రుతికే. 33 ఏళ్ళపాటు లోకం విన్నది అదే. దాన్ని విని నేర్చుకున్నవాళ్ళ చెవుల్లో నిలిచిందీ అదే. దిద్దిన ప్రతిలో సో వాట్ బరువెక్కి నీరసంగా నడిచినట్టుంటుంది.

ఖండచాపు:
మేష్టారూ, అలవాటుకీ ప్రమాణానికీ తేడా లేదంటారా? సో వాట్ డి డోరియన్, అంటే డి షడ్జంగా డోరియన్ అనే పాశ్చాత్య స్వరక్రమం. మన లెక్కలో ఖరహరప్రియ స్వరస్థానాలు. (ఖరహరప్రియ అన్నాను కదా అని గమకాలు వెతక్కండి.) 32 బార్ల (ఆవర్తాల) చుట్టులో మూడో ఎనిమిదికి షడ్జం అర్ధస్వరం పైకి జరిగి, మళ్ళీ కిందికి దిగుతుంది. ఆ మెట్టే ఆ రచనకి ప్రాణం. పాత ప్రతిలో మొదలే డికీ ఇ ఫ్లాట్‌కీ మధ్య ఎక్కడో ఉంటుంది. కీబోర్డు ముందు పెట్టుకుని కలిసి వాయిద్దామంటే ఏ మెట్టూ కుదరదు. పాల్ ఛేంబర్స్ బాస్ మీద వాయించిన షడ్జం వేరు, మీరు వింటున్నది వేరు. కచేరీలో తంబురా జరిగిపోతే విద్వాంసుడు ఆపి సరిచేస్తాడు గాని, రసికులకి అలవాటైందని వదిలేయడు కదండీ.

టైమ్ అవుట్ ఎత్తారు కాబట్టి ఒక మాట. అందులోని టేక్ ఫైవ్ మన అయిదక్షరాల ఖండచాపు తాళమే అని చాలామంది అనేస్తుంటారు. అయిదు అయిదే గాని విరుపు వేరు. మనది తక తకిట, అది తకిట తక.

యానాం వంతెన:
ఇద్దరూ టేపు వేగం గురించే కొట్టుకుంటున్నారు గాని మీ ప్లేయర్ వేగం చూశారా? శ్రుతిని కొలిచే సెంట్లలో 1 శాతం తేడా అంటే 17 సెంట్లు, అర్ధస్వరం అంటే 100 సెంట్లు. ప్లేయరే ఒక శాతం అటో ఇటో ఉంటే ఈ చర్చకి అర్థం లేదు.

కొలవడం కష్టమేం కాదు. 50 హెర్ట్జ్ స్ట్రోబ్ డిస్కులో (ప్లేయర్ మీద పెట్టి వేగం చూసే గీతల బిళ్ళ) నిమిషానికి 33⅓ చుట్ల వేగానికి 180 గీతలు ఉంటాయి. వేగం సరిగ్గా ఉంటే అవి నిలిచినట్టు కనిపిస్తాయి. సాధారణ బల్బు గాని నియాన్ గాని వెలిగించి చూడండి. ఎల్ఈడీ బల్బులు చాలావాటి వెలుగు కరెంటుతో కలిసి మిణకదు, ఆ వెలుగులో గీతలు నిలవవు. ఒక గుర్తు దగ్గర నిమిషానికి 60 గీతలు జరిగితే సరిగ్గా 1 శాతం తప్పు. తిరిగే దిక్కుకే జరిగితే వేగం ఎక్కువ, వెనక్కి జరిగితే తక్కువ. 3150 హెర్ట్జ్ స్వరం ఉన్న టెస్ట్ రికార్డు ఉంటే ఫోన్లో ఫ్రీక్వెన్సీ యాప్ చాలు. 3180 చూపిస్తే దాదాపు 1 శాతం తొందర.

తగ్గితే ముందు బెల్టు అనుమానించండి. నునుపెక్కి మెరుస్తుంటే జారుతున్నట్టే. డీసీ మోటారు ప్లేయర్లలో చాలావాటికి కింద వేగం దిద్దుకోవడానికి 33కీ 45కీ చెరో చిన్న కంత ఉంటుంది. సన్నటి స్క్రూడ్రైవరు పెట్టి పావు చుట్టు కంటే తక్కువే తిప్పి మళ్ళీ కొలవండి. రికార్డు మీద ముల్లు దించి కొలవాలి. ఉత్తి పళ్ళెం తిప్పి కొలిస్తే లెక్క తప్పుతుంది.

పాలకొల్లు కాలవ:
మా వైపు రొయ్యల చెరువుల ఏరియేటర్లు అన్నీ ఒక్కసారి అందుకునే వేళకి వోల్టేజీ కిందికి జారుతుంది. వేగం అప్పుడు తగ్గదా?

యానాం వంతెన:
తగ్గదండి. సింక్రోనస్ ఏసీ మోటారు వేగాన్ని నిర్ణయించేది ఫ్రీక్వెన్సీ, వోల్టేజీ కాదు. మరీ పడిపోతే మోటారు పట్టు తప్పి ఆగుతుందే తప్ప శ్రుతి మెల్లగా జారదు. గ్రిడ్ ఫ్రీక్వెన్సీకి పెట్టిన హద్దులు 49.90 నుంచి 50.05 హెర్ట్జ్. ఆ తేడాని చెవి పట్టుకోదు. అసలు చిక్కు ఇన్వర్టరుతో. చవక రకం 49 దగ్గర తిరిగిందంటే 2 శాతం, అంటే 35 సెంట్లు కిందికి. పైగా స్క్వేర్ వేవ్ అయితే మోటారు గీపెడుతుంది. తుపాను రోజున కరెంటు పోయాక విని శ్రుతి గురించి తీర్పు చెప్పకండి, ఆయ్.

ఇంకోటి. అమెరికా నుంచి తెచ్చిన పాత ప్లేయర్లు 60 హెర్ట్జ్‌వి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది గాని ఫ్రీక్వెన్సీని మార్చదు. 33⅓ కాస్తా 27.8 అవుతుంది. 50 హెర్ట్జ్ పుల్లీ మార్చాల్సిందే.

బొబ్బర్లంక:
వేగం సరిగ్గా ఉన్నా రికార్డు కంత నడిమధ్యన లేకపోతే? బ్లూ ఇన్ గ్రీన్ మొదటి వైపు చివర, అంటే లోపలి గాడుల్లో ఉంది. బిల్ ఎవాన్స్ పియానో మీద స్వరాలు పట్టి నిలుపుతాడు. కంత అర మిల్లీమీటరు పక్కకి ఉంటే, 60 మిల్లీమీటర్ల వ్యాసార్థం దగ్గర శ్రుతి 14 సెంట్లు పైకీ 14 కిందికీ ఊగుతుంది, 1.8 సెకన్లకోసారి. అదే అంచు దగ్గరైతే ఇందులో సగం కూడా ఉండదు. అందుకే సో వాట్ బాగున్నట్టుండి, అదే వైపు చివరికొచ్చేసరికి పియానో ఏడుస్తుంది. 180 గ్రాముల కొత్త ప్రెస్సింగ్ (రికార్డు అచ్చు) అయినా ఈ లోపానికి మినహాయింపు లేదు. ముల్లు దింపి టోనార్మ్‌ని (ముల్లు మోసే చేతిని) పైనుంచి చూడండి. ప్రతి చుట్టుకీ అటూ ఇటూ ఊగుతుంటే కంతదే తప్పు. ముందు మార్చి తెచ్చుకోండి, పాత శ్రుతా కొత్త శ్రుతా అనేది ఆ తర్వాత.

అంతర్వేది గాలి:
పాత ప్రతులు కొనేవాళ్ళకి. మొదటి ప్రెస్సింగుల్లో రెండో వైపు పేర్లు తారుమారై అచ్చయ్యాయి, ఆల్ బ్లూస్‌కీ ఫ్లామెంకో స్కెచెస్‌కీ. స్టీరియో నంబరు సీఎస్ 8163, మోనో సీఎల్ 1355. స్టీరియోకైనా మోనోకైనా పాత ప్రతుల్లో మొదటి వైపు పాత శ్రుతే.

మన తేమకి అట్ట బూజు పడుతుంది. బూజు తినేది అట్టనీ దుమ్మునీ వేలిముద్రల జిడ్డునీ, వినైల్‌ని కాదు. లోపలి కాగితం కవరు పారేసి పాలిథిన్ కవరు వేయండి. మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, రికార్డు మీద మసక తేలుతుంది. కడగడానికి లీటరు డిస్టిల్డ్ వాటరు, 100 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాలు, గిన్నెలు తోమే లిక్విడు రెండు చుక్కలు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటరుతో మళ్ళీ కడగాలి. కోనసీమ ఉప్పు బోరు నీళ్ళు వాడితే ఆరాక గాడిలో ఉప్పే మిగులుతుంది, చిటపటలు ఇంకా పెరుగుతాయి. బ్యాటరీ షాపు నీళ్ళు పనికొస్తాయి గాని యాసిడ్ కలిపిన సీసా కాదని చూసుకోండి. 78ల (లక్కతో చేసిన పాత రికార్డుల) మీద మాత్రం ఈ ఆల్కహాలు చుక్క కూడా పడకూడదు, లక్క కరుగుతుంది.

ఖండచాపు:
బూజు గోల వేరే థ్రెడ్‌లో పెట్టుకుందాం. శ్రుతి సంగతి తేల్చే పద్ధతి ఒకటుంది, స్ట్రోబ్ కూడా అక్కర్లేదు. పాత శ్రుతి ప్రతిలో రెండో వైపు సరైనదే కదా, దాన్నే కొలబద్ద చేసుకోండి. ఫోన్లో సెంట్లు జరుపుకోగలిగే తంబురా యాప్ తెరిచి షడ్జం జి పెట్టండి. ఆల్ బ్లూస్‌లో కింద తిరిగే బాస్‌కి కలిసేదాకా జరిపి, ఎన్ని సెంట్లో రాసుకోండి. ఆ తేడా మీ ప్లేయర్‌ది. రికార్డు తిప్పి, షడ్జం డికి మార్చి, సో వాట్‌కి కలపండి. రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే మిగిలేది టేపు తప్పు. 1992 తర్వాతి దిద్దిన ప్రతి అయితే దాదాపు సున్నా రావాలి.

పాలకొల్లు కాలవ:
దాదాపు అన్నారు చూశారా, అక్కడే ఉంది మెలిక! మార్చి 2కీ ఏప్రిల్ 22కీ మధ్య 51 రోజులు. పియానోకి రెండు రోజులూ ఒకే శ్రుతి పెట్టారని ఎవరికి తెలుసు? రెండు మూడు సెంట్లు దానికి వదిలేయండి. మిగిలిన తేడా టేపుదే, ఒప్పుకుంటున్నాను. ఓటు మాత్రం మార్చను. ఎటూ వదలని వాళ్ళు దిద్దిన ప్రతి పెట్టుకుని, పిచ్ కంట్రోలు ఉన్న ప్లేయర్ మీద మొదటి వైపుకి పైకి జరుపుకోండి, రెండో వైపుకి సున్నాకి తెచ్చుకోండి.

ఖండచాపు:
అంటే దిద్దిన ప్రతే కొనమంటున్నారు. అలాగేనండి.