గోపాల్‌పూర్ తీరంలో ప్రవాహం: ఉపగ్రహ పటం ఒక దిక్కు, వల మరో దిక్కు

ప్రశ్న (తీరవాసి, గంజాం జిల్లా, ఒడిశా)
మా గోపాల్‌పూర్‌లో తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. మార్చిలో ఒకనాటి ఉపగ్రహ పటం మా తీరం వెంట ప్రవాహం ఈశాన్యానికి సాగుతున్నట్టు చూపగా, అదే ఉదయం మావాళ్ల వల నైరుతికి కొట్టుకుపోయింది. పటాన్ని నమ్మవచ్చా? అసలు ప్రవాహాన్ని ఎలా కొలుస్తారో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (అలలెక్క, బరంపురం)
నమ్మవచ్చండి, కానీ అది ఏమి చూపుతుందో తెలుసుకుని నమ్మాలి. ఉపగ్రహం ప్రవాహాన్ని నేరుగా చూడదు. రాడార్ తరంగం నీటిని తాకి తిరిగి రావడానికి పట్టే సమయాన్ని బట్టి సముద్రమట్టం ఎత్తును కొలుస్తుంది. ఆ మట్టంలోని వాలుకు భూభ్రమణ ప్రభావాన్ని జోడించి శాస్త్రవేత్తలు ప్రవాహాన్ని లెక్కగడతారు. మన అక్షాంశంలో 100 కిలోమీటర్లకు 10 సెంటీమీటర్ల ఎత్తు తేడా ఉంటే, ప్రవాహం సెకనుకు సుమారు 20 సెంటీమీటర్లు. గాలి పైనీటిని నెట్టడం, ఆటుపోట్ల లాగుడు ఈ లెక్కలోకి రావు. పైగా జేసన్ తరగతి ఉపగ్రహం ఒకే దారిలోకి మళ్లీ వచ్చేది దాదాపు 10 రోజులకు. తీరం దగ్గర నేల ప్రతిధ్వని కలిసి కొలత చెడుతుంది కూడా. వసంతంలో ఈశాన్యానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నైరుతికి అనే ఋతుక్రమం మాత్రం ఆ పటాల్లో స్పష్టంగా కనిపిస్తుంది.

జవాబు (లంగరు)
లోతు సంగతి తెలియాలంటే నీటిలోకే దిగాలి. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ గోపాల్‌పూర్ ఎదుట, ఖండతీరపు వాలు (తీరం దగ్గరి లోతు తక్కువ నేల ముగిసి అడుగు లోతుకు దిగే చోటు) మీద ప్రవాహాన్ని కొలిచే పరికరాలను లంగరు వేసి నిలిపింది. అడుగున బరువు, దానిపై శబ్ద సంకేతానికి తెరుచుకునే కొక్కెం, ఆపైన తీగ, దాన్ని నిటారుగా నిలిపే తేలుడు గోళాలు, పైకి చూస్తూ శబ్దాన్ని పంపే డాప్లర్ పరికరం ఉంటాయి. నీటితోపాటు కదిలే చిన్న జీవుల నుంచి తిరిగొచ్చే శబ్దం పౌనఃపున్యంలో (సెకనుకు కంపనాల సంఖ్యలో) మార్పును బట్టి, ఒక్కో పొరలోని వేగమూ దిక్కూ తెలుస్తాయి. నెలల తర్వాత ఓడ నుంచి సంకేతం పంపితే కొక్కెం వదులుతుంది, బరువు తప్ప మిగతాదంతా పైకి తేలుతుంది. ఒకే ఋతువులో కొన్ని వారాలకే దిక్కు మారడం, పైన ఒకవైపు నీరు పోతుండగా కింద ఎదురు ప్రవాహం ఉండడం ఈ కొలతల్లోనే బయటపడ్డాయి. అయితే ఉపరితలం నుంచి వచ్చే బలమైన ప్రతిధ్వని వల్ల పై కొద్ది మీటర్ల కొలత దక్కదు.

జవాబు (అలలెక్క)
ఆ లోటును పూరీ, గోపాల్‌పూర్‌లలో తీరాన నెలకొల్పిన రాడార్ల జత తీరుస్తుంది. గంటగంటకూ పైనీటి ప్రవాహాన్ని పటంగా ఇవ్వడానికే వాటిని పెట్టారు. వల వేసిన చోటు, లోతు, వేళ రాసి ఉంచితే ఆ గంట పటంతో పోల్చి చూడవచ్చు.

తీరవాసి
ధన్యవాదాలండి. వల దాదాపు 10 బారల లోతున ఉందట. గాలి ఏ దిక్కునుంచి వీచిందో అడిగి రాస్తాను.