517501 ప్రధాన సంఖ్య: తిరుపతికి అదొక గొప్పేనా?

అలిపిరి మెట్లు: నిన్న రాత్రి కరెంటు పోతే ఉబుసుపోక మన తిరుపతి పిన్‌కోడ్ 517501ని 2, 3, 5, 7 అంటా వరసబెట్టి ప్రధాన సంఖ్యలతో భాగిస్తా కూచున్నా. 719 దాకా చూస్తే చాలు, 720 వర్గం దీన్ని దాటేస్తుంది. ఒక్కదానికీ తెగలేదు! అంటే 1, తను తప్ప ఇంకేదీ భాగించలేని ప్రధాన సంఖ్యే! చిత్తూరు 517001 మాత్రం 37 × 89 × 157గా ముక్కలైపోయింది. మాది విశేషమే కదా సామీ?

చిత్తూరోడు: ఏం విశేషమప్పా? ఐదు లక్షల చుట్టుపక్కల సగటున 13 సంఖ్యలకొకటి ప్రధాన సంఖ్యే. సరిసంఖ్యలు తీసేస్తే ఆరేడింటికొకటి. అయినా పిన్ సంఖ్యేంది, అదొక పేరు. 1972 ఆగస్టు 15న తపాలా శాఖ మొదలుపెట్టింది. చివరి మూడంకెలు పోస్టాఫీసు గుర్తు, అంతే. రెండు పిన్‌లు కూడి ఎవడన్నా జాబు వేస్తాడా?

నవగ్రహం: అంకెలు కూడండి. 19, దాన్ని కూడితే 10, మళ్ళీ కూడితే 1. సూర్యుడు! ఇంకేం కావాలి?

లెక్కల అయ్యవారు: నాయనా నవగ్రహం, ఆ 19 పదుల లెక్కలో రాయబట్టి వచ్చింది. కంప్యూటరు మాదిరి 0, 1లతో రాస్తే అంకెల మొత్తం 14. ప్రధాన సంఖ్య అనే గుణం మాత్రం ఎట్లా రాసినా పోదు. అందుకే చిత్తూరోడి మాట సగమే ఒప్పు. పేరుగా పెట్టింది తపాలా వాళ్ళు, ఆ గుణం వాళ్ళు పెట్టింది కాదు. ఇంకోటి చూడండి. 4తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్య ఏదైనా రెండు వర్గాల మొత్తం అవుతుందని 1640లో ఫెర్మా ఒక జాబులో రాశాడు. వందేళ్ళు దాటాక ఆయిలర్ నిరూపించాడు. మన 517501కి ఆ జత 699, 170. వర్గాలు 488601, 28900, కూడి చూసుకోండి. ఇంకో జత వెతికినా దొరకదు.

అలిపిరి మెట్లు: అబ్బ! కూడినా, సరిపోయింది. ఇప్పుడు చెప్పు చిత్తూరన్నా.

చిత్తూరోడు: చెప్తా. 37, 89, 157 మూడూ 4తో భాగిస్తే 1 మిగిలేవే. అందుకే మాకు నాలుగు జతలు: (701, 160), (715, 76), (560, 451), (676, 245). మీకు ఒకటే.

లెక్కల అయ్యవారు: భేష్! కానీ రెండో జత దొరికిందంటేనే అది ప్రధాన సంఖ్య కాదని తేలిపోయినట్టు. నీ సాక్ష్యం నీమీదికే వచ్చింది.

చిత్తూరోడు: పేదరికాన్ని గొప్పగా చెప్పుకోవడం తిరుపతోళ్ళ దగ్గరే చూడాల. సరే, కొండమీది 517504కి ఎన్ని జతలు?

లెక్కల అయ్యవారు: ఒక్కటీ లేదు. అది ఏడు 2లు, ఒక 13, ఒక 311 గుణించిన లబ్ధం. 311ని 4తో భాగిస్తే 3 మిగులుతుంది, పైగా అది ఒక్కసారే వచ్చింది. ఆ ఒక్కటే చెడగొట్టింది.

నవగ్రహం: ఏడు రెండ్లా? ఏడుకొండలవాడి పిన్‌లో ఏడు రెండ్లా! ఇప్పుడు మాట్లాడండి అయ్యవారూ.