ఇంట్లోకీ ప్రయాణాలకీ ఒకే పియానో, ఏది తీసుకోవాలి?

పియానో నేర్చుకుంటున్నాను. ఇంట్లో సాధనకీ, ఊళ్లు వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లడానికీ పనికొచ్చే ఎలక్ట్రిక్ పియానో ఒకటి కొనాలి. రెండు కొని పెట్టుకునేంత చోటు లేదు, డబ్బు అంతకన్నా లేదు.

నా చిక్కంతా కీస్ దగ్గరే. కాసియో పీఎక్స్-ఎస్1100లో 88 వెయిటెడ్ కీస్ (అసలు పియానోలా బరువుగా నొక్కాల్సినవి) ఉన్నాయి, ఆరు ఏఏ బ్యాటరీలతోనూ నడుస్తుంది. కానీ బరువు 11 కిలోల పైనే, పొడవు 130 సెంటీమీటర్లు దాటుతుంది. దాన్ని బస్సు ఎక్కించడం తలుచుకుంటేనే టెన్షన్. రోలాండ్ గో పియానో 61 కీస్‌ది నాలుగు కిలోలలోపే, భుజాన వేసుకుని పోవచ్చు. అయితే అందులో హ్యామర్ యాక్షన్, అంటే కీస్‌కి ఆ బరువు తెచ్చే సుత్తుల ఏర్పాటు, లేదు. తేలిక కీస్‌కి అలవాటుపడితే అసలు పియానో మీద వేళ్లకు బలం చాలదంటారు, నిజమేనా? 61 కీస్‌తో రెండు చేతుల పాఠాలు ఎంతవరకు సాగుతాయి?

మడతపెట్టే పియానోలు కూడా చూశాను గానీ, ఆ మడత దగ్గర ఎన్నాళ్లు నిలుస్తాయో నమ్మకం కుదరడం లేదు. వాడినవాళ్లు ఉంటే చెప్పండి. వందల రకాల టోన్లు, రిథమ్‌లు నాకు అక్కర్లేదు. హెడ్‌ఫోన్స్, కీ వదిలేశాక కూడా స్వరం సాగేలా చేసే సస్టెయిన్ పెడల్ తగిలించుకునే వీలుంటే చాలు.