అంతర్ముఖులు నిజంగా అరుదా? ఒక మాట, కొన్ని లెక్కలు

నిన్న గ్రూపులో ఒక చెల్లెలు అడిగింది: "ఆన్‌లైన్‌లో పర్సనాలిటీ టెస్టు రాస్తే నాకు ఐఎన్‌ఎఫ్‌జే అని వచ్చింది. అలాంటివాళ్లు నూటికి ఒకరిద్దరే ఉంటారట. తెలుగులో 'నేను అరుదైన అంతర్ముఖిని' అని రాసుకోవచ్చా? ఇంట్రోవర్టుకి ఇది సరైన మాటేనా?"

కామెంట్లో రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి విడిగా రాస్తున్నాను.

ముందు మాట సంగతి. అభిముఖం, విముఖం, సుముఖం, ఉన్ముఖం, పరాఙ్ముఖం... ఇదంతా ఒకే కుటుంబం. మొహం ఎటు తిరిగి ఉందో చెప్పే మాటలివి. అంతర్ముఖుడంటే లోపలికి తిరిగిన ముఖం గలవాడు, బహువ్రీహి సమాసం. ఇంట్రోవర్ట్ అన్న మాట పుట్టుక కూడా ఇదే: లాటిన్‌లో 'ఇంట్రో' అంటే లోపలికి, 'వెర్తెరె' అంటే తిప్పడం. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ 1921లో మనస్తత్వ రకాల మీద జర్మన్‌లో తెచ్చిన పుస్తకంతో ఈ మాట ప్రపంచమంతా పాకింది. చైనా వాళ్లు 'నెయ్‌షియాంగ్' అంటారు, జపాన్ వాళ్లు 'నైకోతెకి' అంటారు. రెండింట్లోనూ మొదటి రెండు అక్షరాలు అవే: ఒకటి 'లోపల', ఒకటి 'వైపు'. మన సైకాలజీ పాఠ్యపుస్తకాలు అంతర్ముఖులు, బహిర్ముఖులు, ఉభయముఖులు అని ఏనాడో స్థిరపరిచేశాయి. కాబట్టి అనువాదంగా మాటకు వంక పెట్టడానికి ఏమీ లేదు.

చిక్కల్లా ఎక్కడంటే, యూంగ్ రాకముందే ఈ మాటకు మన దగ్గర ఒక ఉద్యోగం ఉంది. లలితా సహస్రనామం చదివేవాళ్లకు చప్పున గుర్తొస్తుంది: "అంతర్ముఖ సమారాధ్యా బహిర్ముఖ సుదుర్లభా". లోపలికి చూపు తిప్పినవారు ఆరాధించే తల్లి, బయటికే చూసేవారికి ఎంతమాత్రం దొరకని తల్లి. ఈ జంట పదాల వెనక ఉన్న ఊహ ఇంకా పాతది. కఠోపనిషత్తు రెండో అధ్యాయం మొదటి మంత్రం చూడండి. స్వయంభువు ఇంద్రియాలను బయటి వైపుకే తొలిచాడు, అందుకే మనిషి బయటికి చూస్తాడు గానీ లోపలి ఆత్మను చూడడు అని మొదలుపెట్టి,

"కశ్చిద్ధీరః ప్రత్యగాత్మానమైక్ష
దావృత్తచక్షురమృతత్వమిచ్ఛన్"

అంటుంది. అమృతత్వం కోరిన ఒకానొక ధీరుడు చూపును వెనక్కి మళ్లించి లోని ఆత్మను చూశాడు అని. ఆ 'కశ్చిత్' దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఒకానొకడు. ఎవడో ఒకడు. గీతలో "మనుష్యాణాం సహస్రేషు కశ్చిద్యతతి సిద్ధయే" అన్నప్పుడు వచ్చేదీ ఈ కశ్చిత్తే. అంటే లోచూపు గలవాడు వేలల్లో ఒకడు అన్న భావం ఈ మాట నీడలో ఎప్పటినుంచో ఉంది. అక్కడ అది సాధన చేసి సంపాదించుకునే స్థితి. సైకాలజీలో అంతర్ముఖత్వం అలాంటిది కాదు, పొడుగు పొట్టి లాంటి స్వభావం. ఒకే మాట రెండింటినీ మోస్తోంది కాబట్టి "నేను అంతర్ముఖిని" అనగానే ఆ 'కశ్చిత్' మెరుపు కూడా మన మీద పడ్డట్టు అనిపిస్తుంది. టెస్టు వాళ్లు "మీరు అరుదు" అన్నప్పుడు మనకు అంత హాయిగా ఉండటానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

ఇక లెక్కలకు వద్దాం. మనుషులను నాలుగక్షరాల పేర్లతో పదహారు రకాలుగా విడదీసే ఈ పద్ధతి (ఎంబీటీఐ అంటారు; పేరులో మొదటి అక్షరం 'ఐ' అయితే అంతర్ముఖం, 'ఈ' అయితే బహిర్ముఖం) క్యాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మయర్స్ యూంగ్ ఆలోచనల మీద కట్టినది. అందరూ చెప్పుకునే శాతాలు ఎక్కువగా ఆ టెస్టుకు 1998లో వచ్చిన మాన్యువల్‌లోని అమెరికా నమూనావి. అందులో ఐఎన్‌ఎఫ్‌జే 1.5 శాతం, నిజమే, అన్నిటికంటే తక్కువ. అదే పట్టికలో అన్నిటికంటే ఎక్కువ ఉన్న రకం ఏదో తెలుసా? ఐఎస్‌ఎఫ్‌జే, 13.8 శాతం. అదీ అంతర్ముఖ రకమే! మొదటి అక్షరం 'ఐ' ఉన్న ఎనిమిది రకాలూ కలిపితే దాదాపు సగం మంది. పైగా బహిర్ముఖ రకమైన ఈఎన్‌టీజే 1.8 శాతమే, దానికి జోడీగా ఉండే అంతర్ముఖ రకం ఐఎన్‌టీజే 2.1. అరుదుతనం తెచ్చేది 'ఐ' కాదు, 'ఎన్' (వివరాల కంటే వాటి వెనక భావాల వైపు మొగ్గు) పక్కన 'జే' (అన్నీ ముందే తేల్చుకుని నడిచే తీరు) చేరడం. ఎన్ వచ్చేది నలుగురిలో ఒకరికి, వాళ్లలోనూ జే వచ్చేవాళ్లు తక్కువ. నాలుగు జల్లెళ్లు పట్టాక మిగిలిన గింజలు కొన్నే ఉంటాయి, ఏ ధాన్యమైనా.

ఇంకొకటి. నేనే రెండుసార్లు అలాంటి టెస్టు రాశాను, ఆరు వారాల తేడాతో. "బృందంలో ఉంటే మీకు ఉత్సాహమా, అలసటా?" అన్న ప్రశ్న దగ్గర మొదటిసారి చాలాసేపు ఆగి అలసట అని పెట్టాను. రెండోసారి ముందురోజే పాత స్నేహితులతో గడిపి వచ్చి ఉన్నాను, ఉత్సాహం అని పెట్టాను. ఒక అక్షరం మారిపోయింది. నేను మారలేదు. మనుషుల మార్కులు చాలామటుకు మధ్యలోనే గుమికూడతాయి, గీత కూడా సరిగ్గా అక్కడే గీస్తారు. గీతకు అటూ ఇటూ ఉన్న ఇద్దరూ ఒకరికొకరు దగ్గరివాళ్లే అయినా పేర్లు మాత్రం వేరవుతాయి. యూంగ్ కూడా మధ్యస్థులే ఎక్కువ అన్నాడు.

మరి వేరే వేరే సంస్కృతుల్లో? ఇక్కడే భాష అసలు పని చేస్తుంది. మనస్తత్వ పరిశోధనల్లో బాగా వాడే ఒక ప్రశ్నావళిలో "నేను రిజర్వ్‌డ్‌గా ఉండే మనిషిని" అన్న వాక్యానికి ఎంతవరకు ఒప్పుకుంటారో చెప్పమంటారు. దాన్ని తెలుగు చెయ్యండి చూద్దాం. "ముభావంగా ఉంటాను" అంటే మూతి ముడుచుకున్న వాసన. "గుంభనంగా ఉంటాను" అంటే ఏదో దాస్తున్నట్టు. "మితభాషిని" అంటే మెచ్చుకోలు. "అంటీ ముట్టనట్టు ఉంటాను" అంటే తప్పు ఒప్పుకున్నట్టు. ఇంట్లో నలుగురిని అడిగి చూశాను. ముభావం అంటే నలుగురూ కాదన్నారు, మితభాషి అంటే ముగ్గురు అవునన్నారు. మనుషులు వాళ్లే, నాలుగు నిమిషాల తేడా. నలుగురితో ఏదీ రుజువు కాదని తెలుసు. కానీ ఒక దేశంలో అంతర్ముఖులు ఇంత శాతం అని అంకె చూసినప్పుడల్లా, ఆ ప్రశ్నను ఏ మాటతో అడిగారో అని నాకు టెన్షన్ పట్టుకుంటుంది. దీనికి తోడు మనం మనల్ని కొలుచుకునేది చుట్టూ ఉన్నవాళ్లతోనే. గలగలా మాట్లాడేవాళ్ల మధ్య పెరిగిన ఓ మోస్తరు మాటకారి తనను మౌనినని రాసుకుంటాడు. దేశాల సగటులను పక్కపక్కన పెట్టి చూసేవాళ్లకు ఇది పెద్ద తలనొప్పి.

గ్రూపులోని మాస్టారు గారు ఆ ప్రశ్న కింద రాశారు: "తూర్పు దేశాల్లో మౌనానికి విలువ ఎక్కువ, కాబట్టి అక్కడ అంతర్ముఖులు అరుదు కారు."

మాస్టారూ, విలువ వేరు, సంఖ్య వేరు. విలువ కూడా నిలకడగా ఉండదు. షిన్యిన్ చెన్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు షాంఘై బడిపిల్లలను 1990లో, 1998లో, 2002లో చూశారు. 1990లో బిడియపడే పిల్లలను తోటివాళ్లు ఇష్టపడ్డారు, టీచర్లూ మెచ్చుకున్నారు. 1998 నాటికి అటూ ఇటూ అయింది. 2002కి వచ్చేసరికి అలాంటి పిల్లలనే తోటివాళ్లు దూరం పెడుతున్నారు. ఊరు అదే, భాష అదే, పన్నెండేళ్లు. పోటీ పెరిగి, చొరవగా ముందుకొచ్చేవాళ్లకే గిరాకీ ఏర్పడిన కాలం అది. మన భాషలో మాత్రం? "నిండు కుండ తొణకదు" అనేదీ మనమే, "నోట్లో నాలుక లేనివాడు" అని జాలిపడేదీ మనమే. ఒక్క సామెత పట్టుకుని ఒక జాతి స్వభావం చెప్పలేం.

ఇంకో అక్కయ్య అడిగారు: "బిడియస్థుడు, ఒంటరి, అంతర్ముఖుడు... మూడూ ఒకటేగా?"

కావక్కా, ఇది నాకు బాగా పట్టింపు ఉన్న విషయం. బిడియం అంటే కలవాలని ఉన్నా జంకు అడ్డుపడటం. షాంఘై అధ్యయనం కూడా చెప్పింది బిడియం గురించే, అందుకే ఆ మాటే వాడాను. ఒంటరితనం అంటే తోడు కావాలి, లేదు. అంతర్ముఖుడికి తోడు ఉంది, కాసేపు ఏకాంతమూ కావాలి. మన భాష ఒంటరితనాన్నీ ఏకాంతాన్నీ ఎంత చక్కగా విడదీసిందో చూడండి. ముఖ కుటుంబంలోనే ఇంకో జాగ్రత్త కూడా ఉంది: అంతర్ముఖుడు వేరు, విముఖుడు వేరు. విముఖుడు మన నుంచి మొహం తిప్పుకున్నవాడు. అంతర్ముఖుడి చూపు తన లోపలికి ఉంది, అంతే. నా చిన్నప్పుడు ఒక టీచరు ప్రోగ్రెస్ కార్డు మీద "ఎవరితోనూ కలవదు" అని రాశారు. నాకు ప్రాణస్నేహితులు ఇద్దరు ఉండేవాళ్లు, ముగ్గురం ఒకే బెంచీ. "నెమ్మదిగా కలుస్తుంది" అని రాసి ఉంటే నిజం రాసినట్టు ఉండేది. ఆ రెండు మాటలు చదివి అమ్మ ఎన్ని రోజులు దిగులు పడిందో నాకు ఇప్పటికీ గుర్తు.

ఇంకెవరో కొత్త మాట పుట్టిద్దామన్నారు. చైనాలో కుర్రకారు 'ఐ రెన్', 'ఈ రెన్' అంటున్నారు. రెన్ అంటే మనిషి, అంటే 'ఐ మనిషి', 'ఈ మనిషి'. ఇంగ్లీషు అక్షరానికి తమ మాట అతికించి రెండు చిన్న ముక్కల్లో పని కానిచ్చుకున్నారు. మనవాళ్లు "నేను పక్కా ఇంట్రోవర్ట్‌ని" అంటున్నారు, అదీ తెలుగు వాక్యమే, నాకు అభ్యంతరం లేదు. రాతలో అచ్చతెలుగు కావాలనుకుంటే 'లోచూపు మనిషి' బాగుంటుందని నాకనిపిస్తుంది. చూపులో దిశ ఉంది, నింద లేదు.

చివరగా చెల్లెలి ప్రశ్నకు. అంతర్ముఖుడికి స్త్రీలింగం అంతర్ముఖి, కొందరు అంతర్ముఖురాలు అనీ రాస్తారు. మితభాషి లాగా వినబడటం వల్ల మగవాళ్లు కూడా అంతర్ముఖి అని రాసుకుంటున్నారు. వ్యాకరణం పట్టుకుంటే ఒప్పదు గానీ వాడుక అటే నడుస్తోంది, దిద్దడానికి నాకు మనసొప్పదు. నువ్వు అంతర్ముఖివని నిస్సంకోచంగా రాసుకో. ఆ నాలుగక్షరాల సంగతి మాత్రం నువ్వు నిన్న రాసినట్టే "టెస్టులో నాకు ఐఎన్‌ఎఫ్‌జే వచ్చింది" అని రాయి. జ్వరం వచ్చింది, ర్యాంకు వచ్చింది అన్నట్టు, వచ్చింది అంటే చాలు. ఇంకోసారి రాస్తే వేరేది రావచ్చు.