గ్రో టెంట్‌కి కార్బన్ ఫిల్టర్ ఇంట్లోనే చేసుకుంటే వాసన ఆగుతుందా?

మిద్దెమొక్క:
అందరికీ హాయ్. ఖాళీగా ఉన్న చిన్న గదిలో గ్రో టెంట్ (లోపల లైట్లు పెట్టి మొక్కలు పెంచే జిప్పు గుడారం) పెట్టా, మీటర్ పొడవు మీటర్ వెడల్పు రెండు మీటర్ల ఎత్తు, లోపల మిర్చి టమాటా పుదీనా. మొక్కలకేం ఢోకా లేదు గానీ వాసనతోనే చస్తున్నాం, టమాటా ఆకు వాసన తడి మట్టి వాసన సరే, నేను ఫిష్ అమైనో (చేపలూ బెల్లం కలిపి పులియబెట్టిన ద్రవ ఎరువు) పోస్తా కదా అది పోసిన రోజైతే ఇంట్లోవాళ్ళు నన్ను కూడా ఆ టెంట్‌లోనే పడుకోమంటున్నారు 😀. రెడీమేడ్ కార్బన్ ఫిల్టర్ కొనను, నేనే చేద్దామని. ప్లాన్ ఏంటంటే మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్‌కి అడుగున చిల్లులు పెట్టి నిండా బొగ్గు పోసి మూతకి పాత కంప్యూటర్ ఫ్యాన్ బిగించడం. మామూలు కట్టెల బొగ్గు కొట్టి వేస్తే సరిపోతుందా యాక్టివేటెడ్ కార్బనే కావాలా? ఆ ఫ్యాన్ చాలుతుందా? మందం ఎంత ఉండాలి? చేసినవాళ్ళు ఉంటే చెప్పండి ప్లీజ్.

గాలిమర:
బ్రో బకెట్ ఐడియా పక్కన పెట్టేయండి, ఎందుకో చెప్తా.

ముందు బొగ్గు సంగతి. కట్టెల బొగ్గుదీ యాక్టివేటెడ్ కార్బన్‌దీ రంగు ఒకటే, పని వేరు. యాక్టివేట్ చెయ్యడమంటే బొగ్గుని బాగా ఎక్కువ వేడిలో ఆవిరి పట్టించి లోపల కంటికి కనపడని రంధ్రాలు తెరిపించడం, మంచి రకం అయితే ఒక్క గ్రాములో సుమారు 1000 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది, వాసన అణువులు పోయి ఆ గోడలకే అతుక్కుంటాయి. కట్టెల బొగ్గుకి అంత సీన్ లేదు. కొబ్బరి చిప్ప కార్బన్ దొరికితే బెస్ట్, 3-4 మిల్లీమీటర్ల గుళికలైనా పలుకులైనా ఓకే. పొడి మాత్రం వద్దు, గాలి ఆడదు, ఫ్యాన్ నిండా మసి అవుతుంది. అక్వేరియంలో వేసే కార్బన్ కూడా పనికొస్తుంది, తడి లేకపోతే చాలు.

ఇప్పుడు బకెట్. దాంట్లో గాలి వెళ్ళే దారి ఇరుకు, దాటాల్సిన కార్బన్ అడుగు మందం. కంప్యూటర్ ఫ్యాన్ ఖాళీగా తిరిగితే ఏదో కొడుతున్నట్టే ఉంటుంది, ముందు అడ్డం పెట్టామా తేలిపోతుంది, దానికి లాగే శక్తి ఉండదు. పైగా కొద్దో గొప్పో వెళ్ళే గాలి కూడా కార్బన్ మధ్యలోంచి వెళ్ళదు, బకెట్ గోడ వెంబడి సందు చూసుకుని జారుకుంటుంది. వాసన ఆగట్లేదు అనేవాళ్ళలో చాలామంది సమస్య కార్బన్ తక్కువై కాదు, గాలి దాన్ని తప్పించుకుని పోవడమే.

అందుకని గొట్టంలో గొట్టం చెయ్యండి. లోపలి జాలీ గొట్టం 10 సెంటీమీటర్ల వ్యాసం, బయటిది 18, పొడవు 30. రెండింటి మధ్య 4 సెంటీమీటర్ల సందు వస్తుంది, అదే మీ కార్బన్ మందం. లెక్క కడితే ఐదు లీటర్ల పైచిలుకు పడుతుంది అంటే దాదాపు రెండున్నర కిలోలు. మీ టెంట్‌లో గాలి 2 ఘనపు మీటర్లు, నిమిషానికి ఒకసారి మారాలి అనుకుంటే సెకనుకి 33 లీటర్లు, ఆ లెక్కన గాలి కార్బన్‌లో 0.16 సెకను ఉంటుంది. 0.1 కంటే తగ్గకుండా చూసుకుంటే వాసనకి చాలు. గాలి చుట్టూ అన్నివైపుల నుంచి వస్తుంది కాబట్టి నెమ్మదిగా వస్తుంది, అసలు కిటుకు అదే.

జాలీ కన్ను గుళిక కంటే చిన్నది చూసుకోండి లేకపోతే కారిపోద్ది. ఒక చివర పూర్తిగా మూసెయ్యాలి, రెండో చివర 4 అంగుళాల డక్ట్ (గాలి గొట్టం) పట్టే కాలర్ అంటే రింగు, అతుకులన్నీ సిలికాన్‌తో గానీ అల్యూమినియం టేపుతో గానీ సీల్. బయట దుమ్ముకి ఒక తొడుగు వెయ్యండి, పాత లెగ్గింగ్ కాలు కోసి తొడిగితే భేషుగ్గా కూర్చుంటుంది, వారం పదిరోజులకి తీసి ఉతికేసుకోవచ్చు. ఫ్యాన్ మాత్రం ఇన్‌లైన్ డక్ట్ ఫ్యాన్ అంటే డక్ట్ మధ్యలో బిగించేది 4 అంగుళాలది తీసుకోండి, మీకు కావాల్సింది 70 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపు అడుగులు) అయినా డబ్బా మీద 150 పైన ఉన్నది కొనండి, ఫిల్టరూ డక్ట్ వంపులూ కలిసి సగం తినేస్తాయి. ఫిల్టర్ టెంట్ లోపల పైభాగాన, దాని తర్వాత ఫ్యాన్, గాలి ఫిల్టర్‌లోంచి లాగాలి. ఆన్ చేశాక టెంట్ గోడలు కొంచెం లోపలికి పీల్చుకున్నట్టు కనపడితే ఓకే, అప్పుడు జిప్పు సందుల్లోంచి గాలి లోపలికే వస్తుంది తప్ప వాసన బయటికి రాదు.

రసాయనపిచ్చి:
పైన చెప్పిన డిజైన్ సూపర్, కానీ అసలు విషయం ఎవరూ అనలేదు, మీ బాధలో సగం ఫిష్ అమైనోది. టమాటా ఆకు పుదీనా లాంటి వాసనల్లో అణువులు కాస్త బరువైనవి, కార్బన్ వాటిని బాగా పట్టుకుంటుంది. ఫిష్ అమైనోలోంచి వచ్చే అమ్మోనియా అలా కాదు, చిన్న అణువు, మామూలు కార్బన్ దాన్ని దాదాపు వదిలేస్తుంది. దానికి ఫాస్ఫారిక్ యాసిడ్ లాంటిది పట్టించిన కార్బన్ వేరే అమ్ముతారు, ఇంట్లో యాసిడ్ కలిపే సాహసాలు చెయ్యకండి దయచేసి. ముందు ఆ ద్రవం బాగా పలచన చేసి మట్టిలోకే పోయండి, ఆకుల మీద కొట్టొద్దు, ట్రేలో మిగిలింది వెంటనే పారబోయండి. కుళ్ళిన గుడ్డు వాసన గానీ వస్తుంటే అది ఎరువుది కాకపోవచ్చు, మట్టిలో నీళ్ళు నిలిచి గాలి ఆడట్లేదేమో, వేర్లు కుళ్ళేలోపు చూసుకోండి.

ఇంకోటి తేమ. గాలిలో తేమ 70 శాతం దాటితే నీటి అణువులే ఆ రంధ్రాల్లో సీట్లు పట్టేస్తాయి, వాసనకి చోటుండదు. లైట్లు ఆపాక టెంట్‌లో తేమ పెరుగుద్ది కాబట్టి రాత్రి ఫ్యాన్ ఆపొద్దు, స్పీడ్ తగ్గించండి చాలు. వాసన పోవడానికి ఓజోన్ వాయువు వదిలే మెషిన్ పెట్టమని ఎవరైనా అంటే వినకండి, ఆకులూ మాడతాయి మన ఊపిరితిత్తులూ పాడవుతాయి.

పాతసామాను:
ఇంత లెక్కలెందుకు బాసూ, కార్బన్ వాసన పట్టడం ఆపేస్తే తీసి ఎండలో పెట్టు లేదా ఓవెన్‌లో వేడిచెయ్, మళ్ళీ కొత్తదే. చాలా వీడియోల్లో చూపిస్తున్నారు.

గాలిమర:
@పాతసామాను ఎండకి తడి ఆరుతుంది అంతే. తేమ వల్ల మందగించిన ఫిల్టర్ కొంచెం తేరుకుంటుంది కాబట్టి కొత్తదైపోయింది అనిపిస్తుంది. పట్టిన వాసనలు నిజంగా వదలాలంటే ఫ్యాక్టరీలో 700-900 డిగ్రీల దగ్గర ఆవిరి పెట్టి చేస్తారు, మన ఓవెన్‌కి అంత లేదు. కొంచెం వదిలినా అది వంటింట్లోనే కదా వదిలేది, ఇన్నాళ్ళు పట్టిన చేపల కంపంతా ఒకేసారి 😂. వాసన బయటికి రావడం మొదలైతే కార్బన్ మార్చెయ్యడమే.

మిద్దెమొక్క:
థాంక్యూ అందరికీ, బకెట్ క్యాన్సిల్. ఇంకో డౌట్, టెంట్ పైన ఎత్తు తక్కువుంది, ఈ గొట్టాన్ని అడ్డంగా వేలాడదీస్తే ఏమన్నా అవుతుందా? కార్బన్ ముందు కడగాలా?

గాలిమర:
అడ్డంగా పెట్టొచ్చు కానీ చిక్కు ఒకటి ఉంది. ఫ్యాన్ అదురుకి గుళికలు మెల్లగా కిందికి సర్దుకుంటాయి. నిలువుగా ఉంటే పై అంచులో కాస్త ఖాళీ వస్తుంది, దాన్ని ముందే స్పాంజ్‌తోనో కొంచెం లోతైన మూతతోనో కవర్ చెయ్యొచ్చు. అడ్డంగా ఉంటే పైవైపు ఈ చివర నుంచి ఆ చివర దాకా సందు తెరుచుకుంటుంది, గాలంతా అందులోంచే. కాబట్టి పోసేటప్పుడు గొట్టాన్ని నిలబెట్టి పిడికెడు పిడికెడు పోస్తూ పక్కల తట్టండి, ఇక పట్టదు అనేదాకా. మూత స్క్రూలతో పెట్టుకోండి, కొన్నాళ్ళకి తీసి ఇంకాస్త దట్టించుకోవచ్చు. కడగొద్దు, మళ్ళీ ఆరబెట్టడం పెద్ద పని, జల్లెడలో వేసి పొడి దులిపితే చాలు. అది ఆరుబయటే, మాస్క్ పెట్టుకుని చెయ్యండి, ఇంట్లో చేశారంటే గోడలు నల్లబడతాయి.

రసాయనపిచ్చి:
లీకు చూడ్డానికి సన్న టిష్యూ ముక్క పట్టుకుని ఫిల్టర్ చుట్టూ తిప్పండి. అన్నిచోట్లా ఒకేలా అతుక్కోవాలి, ఒకచోట గట్టిగా లాగి మిగతా చోట్ల జారిపోతుంటే అక్కడే సందు ఉన్నట్టు. కాలర్ దగ్గర ముందు చూడండి, ఎక్కువగా అక్కడే వదులుంటుంది.