ఏడీహెచ్‌డీ మాత్ర మునుపటిలా పనిచేయట్లేదు: డోసు పెంచాలా, గ్యాప్ ఇవ్వాలా?

సగంలో_ఆపేశా
నాకు 31, హైదరాబాద్‌లో టెస్టింగ్ ఉద్యోగం. రెండేళ్ల కిందట ఏడీహెచ్‌డీ (దృష్టి ఒకచోట నిలవని సమస్య) అని తేలింది. మిథైల్‌ఫెనిడేట్ లాంగ్ యాక్టింగ్ మాత్ర 18 మి.గ్రా.తో మొదలెట్టి 36 దగ్గర ఆగాం. మొదటి వారం ఇంకా గుర్తుంది. గిన్నెలు కడుగుదామని సింకు దగ్గరికెళ్లా, గిన్నెలన్నీ కడిగే బయటికొచ్చా. మధ్యలో ఫోన్ పట్టుకోలేదు, ఫ్రిజ్ తెరవలేదు. కళ్లలో నీళ్లొచ్చాయి నిజంగా. ఇప్పుడు అదే మాత్ర, అదే టైము, కానీ మధ్యాహ్నం మూడయ్యేసరికి ఒక్క బగ్ రిపోర్టు నాలుగుసార్లు చదవాల్సొస్తోంది. డాక్టరు గారు 54 చూద్దామా అన్నారు. రూమ్మేటేమో శని, ఆదివారాలు మానేయ్, సోమవారం కొత్తదానిలా పనిచేస్తుంది అంటాడు. ఎవరి మాట వినాలి?

కాఫీ_మూడోది
గ్యాప్ ఇవ్వు తమ్ముడూ. నేను రెండేళ్లుగా శని, ఆది వేసుకోవట్లేదు. సోమవారం పొద్దున తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఒళ్లు అలవాటు పడుతుంది, అంతే. పెంచుకుంటూ పోతే 54 తర్వాత ఏంటి? 72? ఎక్కడ ఆగుతావ్?

పాలమూరు_అక్క
మా ఆయనకు గూడ గిదే బీమారి, గిదే గోలీ. ఆయన కూడా ఆదివారం బంద్ పెట్టిండు. పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయిండు, బండి తాళం బండికే ఉంచి వచ్చిండు, పొద్దుందాక పిల్లల మీద కసురుడే. సోమవారం గోలీ మంచిగ ఎక్కింది అన్నడు. ఎక్కదా మరి? ఆదివారం అంత ఆగమాగం అయినంక సోమవారం ఏదైనా మంచిగనే కొడ్తది. గోలీకి బలం రాలే, మనం కిందికి జారినం.

శాంతి_మార్గం
ఈ మందులన్నీ మాని ప్రాణాయామం చేయండి. మూడు నెలల్లో తేడా చూస్తారు.

పాలమూరు_అక్క
అది గూడ మొదలువెట్టిండు. సగంల లేచి పోయిండు.

రాత్రి_డ్యూటీ
నేను సైకియాట్రీ పీజీని. ఇక్కడ ఎవరికీ డోసు చెప్పను, అది మీ డాక్టరు పని. కానీ "ఒళ్లు అలవాటు పడుతుంది, అంతే" అన్న దగ్గర కాఫీ గారితో పేచీ ఉంది.

అలవాటు అసలు ఉండదని కాదు. ఒక్క రోజులోనే వస్తుంది ఒక రకం. రోజంతా మందు ఒకే స్థాయిలో అందుతుంటే మధ్యాహ్నానికి పట్టు సడలుతోందని పిల్లల్లో గమనించారు. అమెరికాలో 2000లో అనుమతి వచ్చిన కాన్సర్టా అనే మిథైల్‌ఫెనిడేట్ మాత్రను పొద్దున కొంచెంగా మొదలై పోనుపోనూ ఎక్కువ వదిలేలా తయారు చేసింది అందుకే. ఇంకోటి నెలల తరబడి వచ్చేది. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో, అంతకుముందు మందు వాడని 18 మంది పెద్దవాళ్లకు ఏడాది పాటు మిథైల్‌ఫెనిడేట్ ఇచ్చి మెదడు స్కాన్ చేస్తే, డోపమైన్‌ను (మెదడులో సంకేతాలు మోసే రసాయనం) వెనక్కి లాగేసే ట్రాన్స్‌పోర్టర్లు 24 శాతం పెరిగి కనిపించాయి. అపార్ట్‌మెంట్ సంపు అనుకోండి. నీళ్లు తోడేసే మోటార్లను మాత్ర అడ్డుకుంటుంది, మెదడేమో ఇంకొన్ని మోటార్లు బిగించుకుంటుంది. అయితే 18 మందితో అందరి సంగతీ తేల్చలేం.

ఓపీలో నేను ఎక్కువగా చూసేది వేరు. మొదటి వారం వచ్చే ఆ హుషారును మందు పనితనం అనుకుంటాం. హుషారు కొద్దిరోజుల్లో పోతుంది, పనితనం ఉంటుంది. సగంలో గారూ, ఆ గిన్నెల రోజును కొలబద్దగా పెట్టుకుంటే ఏ డోసూ చాలదు. నిద్ర, పని భారం, మధ్యాహ్నం తిండి, ఆడవాళ్లకైతే నెలసరి ముందు రోజులు, ఇవన్నీ అడక్కుండా 54 రాయడం నాకు నచ్చదు.

2019లో నెదర్లాండ్స్ అధ్యయనం ఒకటుంది. రెండేళ్లకు పైగా వాడుతున్న 94 మంది పిల్లల్లో కొందరికి చెప్పకుండా ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. వాళ్లలో దాదాపు 40 శాతం మంది దిగజారారు. అసలు మందు కొనసాగినవాళ్లలో 16 శాతం. అంటే ఏళ్ల తర్వాత కూడా మందు పనిచేస్తూనే ఉంది.

కాఫీ_మూడోది
డాక్టరు గారూ, మీ లెక్కే తిరగేద్దాం. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 60 శాతానికి ఏమీ కాలేదుగా! మరి వాళ్లకి ఆ మాత్ర ఎందుకు?

రాత్రి_డ్యూటీ
మంచి ప్రశ్న, దీనికి ఎదురు చెప్పను. అందుకే ఏడాదికోసారైనా ఇంకా అవసరమా అని చూడమంటారు. కావాలంటే కొన్ని వారాలు ఆపి, ఇంట్లోవాళ్లనీ అడిగి చూస్తాం. అది డాక్టరుకి తెలిసి చేసే పరీక్ష. ప్రతి శనివారం మానేయడం పరీక్ష కాదు.

కాఫీ_మూడోది
సరే, ఓ నిజం చెప్పేస్తా. అలవాటు సంగతి తర్వాత. మా ఊళ్లో ఏ షాపులోనూ ఇది దొరకదు. షెడ్యూల్ ఎక్స్ మందు, చీటీ రెండు కాపీలుండాలి, ఒకటి షాపువాడు రెండేళ్లు దాచాలి. అంత తలనొప్పి ఎవడు పెట్టుకుంటాడు? 2020 టెలిమెడిసిన్ నిబంధనల ప్రకారం వీడియో కాల్‌లో రాయడానికి లేదు. వైజాగ్ వెళ్లాలంటే ఒక రోజు సెలవు. శని, ఆది మానేస్తే ముప్పై మాత్రలు ఆరు వారాలు వస్తాయి. అలా మొదలైంది నా గ్యాప్. సిద్ధాంతం తర్వాత పుట్టింది.

పాలమూరు_అక్క
గిది ముందే చెప్పొద్దా అన్నా! నిన్ను అన్ని మాటలన్న.

డల్లాస్_మందులషాపు
ఫార్మసిస్టుని. ఒక్కటి అడుగుతా: మాత్ర కంపెనీ మారిందా? ఇక్కడ 2014లో కాన్సర్టాకి జనరిక్‌గా అమ్ముతున్న రెండింటికి "అసలు మందుకు సమానం" అన్న రేటింగ్‌ను ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తీసేసింది. లోపల ఉన్న మందు అదే, వదిలే వేగమే తేడా. సాగే గంటలూ అన్నిటికీ ఒకటి కాదు, కొన్ని ఎనిమిది, కొన్ని పన్నెండు. పొద్దున ఏడింటికి వేసుకుని మూడింటికి ఆగిపోతే నేనైతే అలవాటు కంటే ముందు గడియారాన్ని అనుమానిస్తా.

సగంలో_ఆపేశా
పాత మాత్రల అట్టలు పారేసే అలవాటు లేదు (ఏదీ పారేయను, అది వేరే సమస్య). డ్రాయర్‌లోంచి తీసి పక్కపక్కన పెట్టా. మార్చి దాకా ఒక కంపెనీ, ఏప్రిల్ నుంచి ఇంకోటి. షాపువాడు "సేమ్ సార్" అన్నాడు, నేనూ చూడలేదు. కానీ ఏప్రిల్‌లోనే మా టీమ్ అమెరికా కాల్స్‌కి మారింది, పడుకునేసరికి ఒంటిగంట దాటుతోంది. తప్పు మాత్రదా, నిద్రదా తెలియట్లేదు. శనివారం అపాయింట్‌మెంట్.

సగంలో_ఆపేశా
వెళ్లొచ్చా. 54 రాయలేదు. పాత కంపెనీదే 36 రాసి, పడుకునే టైమూ, పట్టు తప్పే టైమూ రోజూ రాసి మూడు వారాలయ్యాక తెమ్మన్నారు. అప్పటికీ ఇలాగే ఉంటే పెంచుదాం అన్నారు. నాలుగు రోజులు రాశా.

పాలమూరు_అక్క
ఇయ్యాల ఎన్నో రోజు తమ్మీ?

సగంలో_ఆపేశా
తొమ్మిది.