పాత పెట్రోల్ కారుకు చవక ఆయిల్ క్యాచ్ క్యాన్: పనికొస్తదా, పైసలు దండగా?

నల్లగొండ_నాలుగుచక్రాలు
2008 మోడల్ ఎంపీఎఫ్‌ఐ పెట్రోల్ బండి, లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది. త్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి గాలిని వదిలే తలుపు ఉండే భాగం) లోపల ఆయిల్ జిడ్డు కడుతోంది. ఇంజన్ లోపలి పొగలోంచి ఆయిల్‌ను పట్టి ఆపే క్యాచ్ క్యాన్ ఆన్‌లైన్‌లో ఎనిమిది వందలకు దొరుకుతోంది, వేయొచ్చా? మెకానిక్‌లు తలో మాట చెప్తున్నరు.

స్పానర్_మిర్యాలగూడ
దండగ. ఎంపీఎఫ్‌ఐలో ఇంజెక్టర్ పెట్రోలును ఇన్‌టేక్ వాల్వు వెనకాలే కొడుతుంది, జిడ్డు చాలావరకు కడుక్కుపోతుంది. మసి పేరుకునే బాధ పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి కొట్టే జీడీఐ ఇంజన్లది, సైలెన్సర్ పొగను కొంత మళ్లీ లోపలికి పంపే ఈజీఆర్ ఉన్న డీజిళ్లది. ముందు పీసీవీ వాల్వు (ఇంజన్ లోపలి పొగను మళ్లీ ఇన్‌టేక్‌కు పంపేది) చూడండి. ఐడిలింగ్‌లో దాన్ని హెడ్ కవర్‌లోంచి (ఇంజన్ పై మూత) పీకి మూతికి వేలు అడ్డం పెడితే గట్టిగా లాగాలి. బండి ఆపి ఊపితే గలగలమనాలి. లేకుంటే మార్చేయండి, క్యాన్ కన్నా చవక. తర్వాత ఆయిల్ మూత తీసి పైన ఊరికే ఆనించండి. గుప్పుగుప్పున పొగ తన్నితే బ్యాక్ కంప్రెషన్, అంటే పిస్టన్ రింగులు దాటి గ్యాస్ కిందికి దిగుతున్నట్టు. రింగులు అరిగిన ఇంజన్‌కు క్యాన్ మందు కాదు.

పాలమూరు_పిస్టన్
స్పానరన్నా, ఇన్‌టేక్ వాల్వు మాట నిజమే. కానీ ఈయన అడిగింది త్రాటిల్ జిడ్డు. పీసీవీ పైపు త్రాటిల్ దాటినంక ఇన్‌టేక్ మానిఫోల్డ్‌ల (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) కలుస్తది, ఆ జిడ్డు అటు నుంచి రాదు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే వాక్యూమ్ పడిపోయి, పొగ హెడ్ కవర్ నుంచి ఎయిర్ ఫిల్టర్ డక్ట్‌కు పోయే బ్రీదర్ పైపులకు ఎదురు తన్నుతది. త్రాటిల్ మీద పడేది గదే. క్యాన్ వేస్తే ఆ పైపుకు వేయాలె.

పీసీవీ వైపు క్యాన్ వేసినా లాభం లేకపోలేదు. ఆయిల్ ఆవిరి పెట్రోలుతో కలిసి కాలితే నాకింగ్ (ఇంజన్‌ల టకటక చప్పుడు) పెరుగుతది, నిండు లోడుతో శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు తెలుస్తది.

అయితే కొన్న క్యాన్ కొన్నట్టే బిగించొద్దు. మూత తీసి చూడుండ్రి: చాలావాటిల్ల రెండు రంధ్రాలు పక్కపక్కన, లోపలంతా ఖాళీ. ఇటొచ్చిన ఆవిరి అట్లనే అటు పోతది. లోపలికొచ్చే రంధ్రానికి చిన్న గొట్టం పెట్టి సగం కిందికి దించాలె, పైసగంల గిన్నెలు తోమే స్టెయిన్‌లెస్ స్టీల్ పీచు వదులుగా నింపి, కింద చిల్లుల రేకు ఆపాలె. అడుగు ఖాళీగా ఉండాలె, ఆయిల్ నిలిచేది అక్కడనే. పెయింటర్లు వాడే సన్న స్టీల్ ఊలు మాత్రం వద్దు, పోగులు తెగి ఇంజన్‌లకు పోతయి. మర కోసినప్పటి అల్యూమినియం రజను లోపల ఉంటది, కిరసనాయిల్‌తో కడిగి ఆరబెట్టుండ్రి.

స్పానర్_మిర్యాలగూడ
బ్రీదర్ వైపు సంగతి సరే, ఒప్పుకున్నా. కానీ జనం చెడగొట్టేది పైపు దగ్గరే. నీళ్ల పైపు వేస్తారు, అది వేడికి మెత్తబడి పీసీవీ వైపు వాక్యూమ్‌కు నొక్కుకుపోతుంది. పొగకు దారి మూసుకుపోతే లోపలి ఒత్తిడికి డిప్‌స్టిక్ ఎగదన్నుతుంది, వెనక క్రాంక్ ఆయిల్ సీలు కారుతుంది. ఆ సీలు మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. ఎనిమిది వందల సరుకుకు ఎంత ఖర్చో లెక్కేసుకోండి.

పాలమూరు_పిస్టన్
అందుకే ఆయిల్‌కు తట్టుకునే నైట్రైల్ రబ్బర్ హోస్ వేయాలె, పాత పైపు లోపలి సైజే, రెండు దిక్కుల క్లిప్పులు. క్యాన్ మీద చిన్న ఫిల్టర్ ఇస్తే దాన్ని తీసి బిరడా కొట్టుండ్రి. పీసీవీ వైపు అది ఉంటే దొంగగాలి లాగి ఐడిలింగ్ ఊగుతది, బ్రీదర్ వైపు ఉంటే పొగ బయట పడి క్యాబిన్‌ల వాసనొస్తది. బిగించే ముందు ఒక మూతి మూసి ఇంకో మూతిల ఊది, అతుకులకు సబ్బునీళ్లు రాసి చూడుండ్రి.

నల్లగొండ_నాలుగుచక్రాలు
ఎక్కడ బిగించాలి? ఎన్నాళ్లకు ఖాళీ చేయాలి?

పాలమూరు_పిస్టన్
సైలెన్సర్ మానిఫోల్డ్‌కు దూరంగా, ముందు గాలి తగిలే చోట. క్యాన్ చల్లగా ఉంటేనే ఆవిరి ఆయిల్ అయితది, మన మే నెల ఎండల్ల ఎట్లైనా తక్కువే పడతది. పైపు ఎక్కడా కిందికి జోలెలెక్క వేలాడొద్దు. మొదట వెయ్యి కిలోమీటర్లకు తీసి చూడుండ్రి, తర్వాత ఆయిల్ మార్పిడప్పుడు చాలు. చలికాలం ఊర్లనే తిరిగే బండికి మజ్జిగ లెక్క తెల్లగ వస్తే అది నీళ్లావిరే. కూలెంట్ కూడా తగ్గుతుంటే మాత్రం హెడ్ గాస్కెట్ చూపియ్యాలె.

స్పానర్_మిర్యాలగూడ
పట్టిన ఆయిల్ మళ్లీ ఇంజన్‌లో పోయొద్దు, అందులో నీళ్లు, పెట్రోలు, ఆమ్లాలు ఉంటాయి. నా ఓటు ఇప్పటికీ కొత్త పీసీవీ వాల్వు, ఒక డబ్బా త్రాటిల్ క్లీనర్‌కే.